పార్కింగ్‌లో పానా పట్టుకుంటే తప్పా?

పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెబుతున్నా. చాయ్ పక్కన పెట్టుకుని కూర్చోండి.

కొత్త టవర్లలోకి వెళ్లాక మనవాళ్లు ఎలా మెలగాలన్న దానిమీద ఒక చిట్టా మూడు రోజులుగా గ్రూపులో తిరుగుతోంది. మన సంఘం తరఫున దాన్ని సొసైటీ కమిటీకి ఇద్దామని ప్రతిపాదన. అందులో చాలావాటితో నాకు పేచీ లేదు. గుమ్మం ముందు చెప్పులు గుట్టపోయొద్దు, సరే. కిటికీలోంచి చెత్త విసరొద్దు, సరే. బతుకమ్మ రోజుల్లో, గణపతి రోజుల్లో మైకు టైముకు ఆపాలి, అదీ సరే. ఏడో నంబరు దగ్గర మాత్రం నా కళ్లు ఆగిపోయాయి. పార్కింగ్‌లో గానీ, కాంపౌండ్‌లో ఎక్కడైనా గానీ వాహనాల రిపేరు పూర్తిగా నిషేధం, తప్పితే జరిమానా అని ఉంది. దానికింద వరసగా బొటనవేళ్లు. వాళ్లలో కొందరి తండ్రులు కాలీపీలీ నడిపి వీళ్లను చదివించారు. ఆ తండ్రులు ఆదివారం పొద్దున బండి కింద దూరితే, టార్చిలైటు పట్టుకుని పక్కన కూర్చున్న పిల్లలు వీళ్లే. నేను చూసిన సంగతే చెబుతున్నా.

ఏడో నంబరుకు నేను ఒప్పుకోను. ఎందుకో ఒకే ఒక్క పని ఉదాహరణగా తీసుకుని చెబుతాను. పంక్చరు గురించో, బల్బు మార్చడం గురించో మాట్లాడితే "అంత చిన్నవాటిని ఎవరు ఆపుతారు అన్నా" అంటారు. అందుకే పెద్దదే తీసుకుంటున్నా. హెడ్ గ్యాస్కెట్.

తెలియని వాళ్లకు: ఇంజిన్‌లో కింద బ్లాకు ఉంటుంది, పైన మూతలాగా హెడ్ ఉంటుంది. రెంటి మధ్య పల్చటి పొర ఒకటి. అదే హెడ్ గ్యాస్కెట్. చూడ్డానికి నాలుగు చిల్లులున్న రేకు ముక్క, చేసే పని మాత్రం మూడు కాపలాల పని. సిలిండర్లో మండే గ్యాసు బయటికి రాకూడదు, చుట్టూ తిరిగే నీళ్లు లోపలికి పోకూడదు, ఆయిలు తన దారిలో తాను పోవాలి. ఈ మూడూ వేలెడు దూరంలో పక్కపక్కనే ఉంటాయి. ఆ పొర ఒకచోట కాలినా, చిట్లినా ఒకటి ఇంకోదాంట్లో కలుస్తుంది. నీళ్లు ఆయిల్లో కలిస్తే ఆయిల్ మూత కింద పాలు ఎక్కువైన చాయ్ రంగులో జిగురు కనిపిస్తుంది. గ్యాసు నీళ్లలోకి పోతే రేడియేటర్లో బుడగలు లేస్తాయి. నీళ్లు సిలిండర్లోకి పోతే వెనక పొగగొట్టంలోంచి తెల్ల పొగ వస్తుంది, కూలెంట్ పోసిన బండయితే కొంచెం తియ్యటి వాసన కూడా. కింద ఒక్క చుక్క కారదు, కానీ రోజూ నీళ్లు తగ్గుతుంటాయి. (వానాకాలం పొద్దున బండి స్టార్ట్ చేయగానే వచ్చే తెల్ల పొగ చూసి గాబరా పడొద్దు. అది సైలెన్సర్లో చేరిన తేమ, పది నిమిషాల్లో ఆగిపోతుంది. ఆగకపోతేనే మాట్లాడుకోవాలి.)

ఈ పనిని ఇంటి దగ్గర చేయడం సాధ్యమా? కొన్ని బండ్లకు సాధ్యమే. మన చాళ్ల మధ్య జాగాలో దశాబ్దాలుగా జరిగింది కూడా. ప్రీమియర్ పద్మిని తీసుకోండి. 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, హెడ్ మీద వాల్వులను కింది నుంచి పుష్‌రాడ్లు తోసే పాత పద్ధతి ఇంజిన్. హెడ్ విప్పినా టైమింగ్ జోలికి పోనక్కర్లేదు. కుర్లాలో తయారైన బండి, కాబట్టి సామాను ఊళ్లోనే దొరికేది. ట్రాఫిక్‌లో ఇంజిన్ వేడెక్కి గ్యాస్కెట్ పోతే, సాయంత్రం విప్పి, మర్నాడు హెడ్‌ను లేత్ దుకాణంలో ఇచ్చి, ఆ మర్నాడు పొద్దున బండి స్టాండులో పెట్టిన డ్రైవర్లు మన మధ్యే ఉన్నారు. ఆఖరి పద్మిని టాక్సీ రిజిస్టర్ అయింది 2003 అక్టోబరు 29న. ఇరవై ఏళ్ల వయసు పరిమితి దాటి 2023 అక్టోబరు 30 నుంచి ఆ బండ్లు రోడ్డు మీద లేవు. ఆరోజు పేపర్లన్నీ ఫొటోలు వేశాయి, అందరూ స్టేటస్ పెట్టుకున్నారు, మనవాళ్లు కూడా. ఆ బండ్లు అన్నేళ్లు ఎవరి చేతుల మీద నడిచాయని మాత్రం ఎవరూ రాయలేదు.

ఆ చేతులకు ఆ పని ఎక్కడినుంచి వచ్చింది? ఇంట్లో పెద్దలను అడిగితే చెబుతారు. కరీంనగర్, నిజామాబాద్, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చి మిల్లుల్లో చేరినవాళ్లకు యంత్రం కొత్త కాదు. మగ్గం ముందు నిలబడ్డవాడికి ఏ చప్పుడు మామూలుదో, ఏది రోగమో తెలుసు. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు బయట నిలబడ్డారు, చాలామంది మళ్లీ లోపలికి పోలేదు. వాళ్లలో కొందరు టాక్సీ ఎక్కారు, కొందరు టెంపో, కొందరు గ్యారేజీలో రించీలు అందించే పనిలో చేరారు. మిల్లు ఫిట్టరు టాక్సీ మిస్త్రీ అయ్యాడు. ఆ విద్యకు సర్టిఫికెట్ లేదు కాబట్టి మనకు అది విద్యలాగా కనబడదు. కామాఠిపురాకు ఆ పేరు ఎవరివల్ల వచ్చిందో పిల్లలకు గర్వంగా చెబుతాం. నిజాం రాజ్యం నుంచి వచ్చి ఈ ఊరి రోడ్లూ కట్టడాలూ కట్టిన కూలీలు మా వాళ్లే అంటాం. రెండొందల ఏళ్ల కిందటి చేతిపని మీద గర్వం, నిన్నటి చేతిపని మీద సిగ్గు. ఇదేం లెక్కో నాకు అంతుపట్టదు.

ఇక డబ్బు. మీలో చాలామంది "ఇప్పుడు వర్క్‌షాపులు ఉన్నాయి కదా, అక్కడ ఇవ్వొచ్చు కదా" అన్నారు. ఇవ్వగలిగినవాళ్లు ఇస్తారు, వద్దన్నదెవరు? కానీ ఈ పని బిల్లు ఎలా తయారవుతుందో చూడండి. గ్యాస్కెట్ ఖరీదు అందులో చిన్న ముక్క. మిగతాదంతా గంటల లెక్క. విప్పడానికి, శుభ్రం చేయడానికి, తిరిగి బిగించడానికి పట్టే గంటలు. ఆ గంటలు మన ఇంట్లో ఆదివారం రూపంలో ఊరికే పడి ఉంటాయి. పెట్టెలో పెట్టుకుంటే వడ్డీ రాదు, బండి మీద పెడితే వస్తుంది.

మా చుట్టాల్లో ఒకతనిది ఓమ్ని వ్యాన్. పొద్దున ఇడ్లీ, ఉప్మా లోయర్ పరేల్ ఆఫీసులకు వేసుకుపోతాడు. పోయిన ఏడాది ఎండల్లో బండి వేడెక్కడం మొదలైంది. ఒక వర్క్‌షాపువాడు (పేరు అక్కర్లేదు) బానెట్‌లోకి తొంగి కూడా చూడకుండా, అన్నట్టు ఆ బండికి ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది, సీటు కూడా ఎత్తకుండా "ఇంజిన్ పోయింది, ఫుల్ ఓవర్‌హాల్" అన్నాడు. మనవాడి ముఖం వాడిపోయింది. బండి ఆగితే గిరాకీ పక్కవాడికి పోతుంది, ఒకసారి పోయిన గిరాకీ మళ్లీ రాదు. మా పక్క ఖోలీలో ఉండే పెద్దాయన, మిల్లులోంచి టాక్సీలోకి వచ్చిన మనిషి, ఒక కంప్రెషన్ గేజ్ తెచ్చాడు. మూడు సిలిండర్లకూ పెట్టి చూశాడు. ఒకటి బాగుంది. పక్కపక్కన ఉన్న రెండూ కలిసి పడిపోయి ఉన్నాయి. "రింగులు పోతే ఇట్లా జంటగా పడవు రా. ఈ రెంటి మధ్య గోడ పోయింది. గ్యాస్కెట్టే" అన్నాడు. రెండు ఆదివారాల పని. మొదటి ఆదివారం విప్పాం, రెండో ఆదివారం బిగించాం. మధ్యలో వారం హెడ్ లేత్ దుకాణంలో ఉంది, ఆ వారం టిఫిన్లు అద్దె స్కూటర్ మీద పోయాయి. అసలు రోగం ఏమిటంటే రేడియేటర్ ఫ్యాన్ స్విచ్ పనిచేయడం లేదు. ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడల్లా ఇంజిన్ ఉడికిపోయింది. ఫ్యాన్ స్విచ్ మార్చకుండా ఓవర్‌హాల్ చేసి ఇచ్చినా వచ్చే ఎండాకాలం మళ్లీ అదే జరిగేది. బండి ఇప్పుడు నడుస్తోంది. ఏడో నంబరు అప్పుడే ఉండి ఉంటే ఆ పెద్దాయన గేజ్ పట్టుకున్నందుకు జరిమానా కట్టేవాడు.

ఇప్పుడు రెండో పక్షానికి. ఈ పోస్టు చదివి ఎగిరి గంతేయబోతున్న తమ్ముళ్లు కొందరున్నారు. వాళ్లకు నేను వకీలును కాను. ఒక వీడియో చూసి, పక్కింటి పానాల సెట్ అడుక్కొచ్చి, సాయంత్రం ఐదింటికి హెడ్ విప్పి, రాత్రి ఎనిమిదింటికి "అన్నా ఒక బోల్టు మిగిలింది" అని ఫోన్ చేసేవాళ్ల వల్లే ఏడో నంబరు పుట్టింది. చాళ్ల మధ్య జాగాలో నెలల తరబడి విప్పిన ఇంజిన్లతో బండ్లు నిలిచింది నిజం. దాని కింద పిల్లులు ఈనింది నిజం. నల్ల ఆయిల్ గట్టర్లో పోసింది నిజం. ఆ గట్టరు ఎక్కడికి పోతుంది? వర్లి సముద్రం మన కిటికీకి కనబడేంత దూరంలోనే ఉంది. కూలెంట్ పారబోయడం ఇంకా ఘోరం. దాన్లో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, పిల్లులు నాకుతాయి. రంగు చూసి పసిపిల్లలు కూడా నోట్లో పెట్టుకుంటారు. ఇలాంటివి చేసేవాడికి జరిమానా వేయండి, మొదటి సంతకం నేనే పెడతాను.

పని కూడా సరిగ్గా చేయాలి కదా. రేడియేటర్లో పోసే లీక్ ఆపే సీసాలు అమ్ముతారు. గ్యాస్కెట్ చిట్లినచోట ఆ జిగురు నాలుగు రోజులు నిలబడుతుంది, తర్వాత రేడియేటర్ సన్న గొట్టాల్లో, హీటర్లో పేరుకుంటుంది. బండి అమ్మేసేముందు అది పోసి నమ్మకంగా కొనుక్కున్న మనవాడికే అంటగట్టిన కేసులు మన గల్లీలోనే ఉన్నాయి. నా దృష్టిలో అది రిపేరు కాదు, దొంగతనం. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు హెడ్ బోల్టులు విప్పేవాడు ఇంకొకడు. పూర్తిగా చల్లారాక, బయటి బోల్టుల నుంచి లోపలికి, కొంచెం కొంచెంగా వదులు చేయాలి. బిగించేటప్పుడు తిరగేసి, మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి, రెండు మూడు విడతల్లో. ఆ లెక్క పుస్తకంలో ఉంటుంది, మన భుజంలో ఉండదు. "నాకు చేతి అందాజు ఉంది" అనే మిస్త్రీ దగ్గర బండి పెట్టొద్దు. టార్క్ రెంచ్ లేకపోతే ఆ పని మొదలుపెట్టొద్దు. కొన్ని ఇంజిన్ల హెడ్ బోల్టులు ఒకసారి సాగితే అయిపోయినట్టే, కొత్తవి వేయాలి. బోల్టు గుంటల్లో నీళ్లో ఆయిలో నిలిచి ఉంటే, బోల్టు దిగేకొద్దీ ఆ నీరు ఎటూ పోలేక బ్లాకునే పగలగొడుతుంది. దూదో గుడ్డో పెట్టి ఆరబెట్టడానికి ఐదు నిమిషాలు పట్టదు.

పైన హెడ్ అల్యూమినియం. మెత్తటి లోహం, వేడికి వంగుతుంది. కొత్త గ్యాస్కెట్ తెచ్చి వంగిన హెడ్ మీద పెట్టడమంటే వంకర గోడకు తిన్నని తలుపు బిగించడమే. తిన్నటి స్టీలు పట్టీ అడ్డం పెట్టి, కింద ఫీలర్ గేజ్ దూరుతుందేమో చూడాలి. చాలా చిన్న బండ్లకు ఒప్పుకునే వంపు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు దగ్గర, అంటే 0.05. కంటికి తెలిసేది కాదు. అంతకు మించితే హెడ్ ఫేసింగ్‌కు ఇవ్వాల్సిందే. ఆ పని ఇంటి దగ్గర అవ్వదు, అవుతుందనేవాడు అబద్ధం చెబుతున్నాడు. గ్రైండర్‌కు ఎమెరీ చక్రం తగిలించి రుద్దేవాడు ఇంకా ప్రమాదం. మెత్తటి లోహాన్ని పల్లం చేస్తాడు, ఆ పొడి ఆయిల్లో కలిసి బేరింగులను తింటుంది. పాతకాలం గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండేది. పాత బండి విప్పితే ఆ పొరను పొడిగా గీకి దుమ్ము పీల్చొద్దు, తడిపి తీయండి.

గ్యాసు బండి సంగతి ఇంకో మాట. సీఎన్‌జీ పైపు, రెగ్యులేటర్, సిలిండర్ జోలికి ఇంటి దగ్గర ఎవరూ పోవద్దు. సిలిండర్లో ఉండే ఒత్తిడి వంటగ్యాసు బండలాంటిది కాదు, 200 బార్ దాకా ఉంటుంది. ఆ భాగం అనుమతి ఉన్న సెంటర్‌వాళ్లదే. అలాగే కొత్తరకం కామన్‌రైల్ డీజిల్ ఇంజిన్లు. కొలిచే పరికరాలు, స్కానరు లేకుండా వాటిని విప్పడం మొండితనం. నేను అడిగేది పాత ఓమ్నీలు, పాత చిన్న కార్లు, మామూలు పెట్రోలు బండ్ల గురించి. చేయదగిన పనిని చేయనివ్వండి, చేయకూడనిదాన్ని ఆపండి అంటున్నా. ఏడో నంబరు రెంటినీ ఒకే గాటన కట్టేసింది.

సొసైటీ తరఫున మాట్లాడేవాళ్ల దగ్గర ఉన్న గట్టి వాదన ఒకటుంది. దాన్ని పక్కకు నెట్టేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. చాళ్లు వేరు, టవర్ వేరు అంటారు వాళ్లు. నిజమే. బీడీడీ చాళ్లు బ్రిటిష్‌వాళ్లు 1920లలో కట్టినవి, కింద ఒకటి పైన మూడు అంతస్తులు, చాళ్‌కీ చాళ్‌కీ మధ్య తెరిపి జాగా. 160 చదరపు అడుగుల ఖోలీలో చోటు లేకే బతుకంతా ఆ జాగాలోకి వచ్చింది. వడియాలు అక్కడే, పెళ్లి పందిరి అక్కడే, బండి రిపేరూ అక్కడే. ఇప్పుడు నలభై అంతస్తులు. 2025 ఆగస్టులో వర్లిలో మొదటి 556 కుటుంబాలకు తాళంచెవులు ఇచ్చారు, 500 చదరపు అడుగుల ఇళ్లు. మిగతావాళ్లం వంతు కోసం చూస్తున్నాం. మూసి ఉన్న పార్కింగ్ అంతస్తులో పెట్రోలు పైపు విప్పితే ఆవిరి పోవడానికి దారుండదు, ఒక్క నిప్పురవ్వ చాలు. పైన వందల సంసారాలు. ఈ భయం పిచ్చి భయం కాదు. పోడియం పార్కింగ్‌లో ఇంజిన్ విప్పొద్దు అంటే నేను ఒప్పుకుంటాను, చప్పట్లు కొడతాను.

కానీ రాసింది అది కాదు. "కాంపౌండ్‌లో ఎక్కడైనా" అని రాశారు. తెరిపి నేల మీద, గేటు పక్కన, నిప్పు ఆర్పే సిలిండర్ పక్కన పెట్టుకుని కూడా వద్దంటున్నారు. అంటే ప్రశ్న నిప్పుది కాదు, చూపుది. డ్రాఫ్టు కింద ఒక తమ్ముడు రాశాడు, "ఇప్పుడు మనం టవర్‌లో ఉంటాం, గ్యారేజీలా కనబడొద్దు" అని. అసలు సంగతి ఈ ఒక్క వాక్యంలో బయటపడింది. సేల్ బిల్డింగులో ఫ్లాటు కొనబోయేవాళ్లు మన కాంపౌండ్ వైపు చూస్తే ఏమనుకుంటారన్న బెంగ. తమ్ముడూ, వాళ్ల కార్లను రిపేరు చేసేది ఎవరనుకున్నావ్? ఆ వర్క్‌షాపు లోపల, కస్టమర్‌కు కనబడని షెడ్‌లో, మన నాగ్‌పాడా, మన లోయర్ పరేల్, మన ధారావి పిల్లలే ఉన్నారు. వాళ్లకు కావాల్సింది మురికి లేకపోవడం కాదు, మురికి తమ కంట పడకపోవడం. ఆ బుద్ధి మనకెందుకు?

ఈ బుద్ధి మన కాంపౌండ్‌లో పుట్టింది కూడా కాదు. పెద్ద కంపెనీలు చాలా ఏళ్లుగా అదే చెబుతున్నాయి: మూత మేమే తీయాలి, మీరు తీయొద్దు. మాన్యువల్ ఇవ్వరు, స్పేర్ బయట అమ్మరు, స్కానరు వాళ్ల దగ్గరే. మన దేశంలోనే 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద కలిపి రూ.2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. అసలు స్పేర్లు, రిపేరు సమాచారం, పరికరాలు బయటి గ్యారేజీలకు అందకుండా చేశారన్నదే నేరం. కంపెనీలు పై కోర్టులకు పోయాయి, అది మామూలే. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసి, ఆ డిసెంబరు 24న ఒక పోర్టల్ కూడా పెట్టింది. అందులో వాహనాలు ఒక విభాగం. అమెరికాలో మసాచుసెట్స్ జనం 2012లో ఓటువేసి మరీ ఈ హక్కు తెచ్చుకున్నారు. ప్రభుత్వం కంపెనీలతో మెల్లగానైనా "మూత తెరవనివ్వండి" అంటున్నప్పుడు, మనకు మనమే "మూత తెరిస్తే జరిమానా" అని రాసుకుని, దాన్ని సంఘం లెటర్‌హెడ్ మీద ముద్రవేసి ఇస్తామా?

ఇంకో సంగతి, కొంచెం బాధగానే చెబుతున్నా. ఆ పక్క ఖోలీ పెద్దాయనలాంటివాళ్లు మన దగ్గర ఎంతమంది మిగిలారు? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లకు డెబ్భై దాటింది. వాళ్ల విద్య పుస్తకంలో లేదు. ఒక బోల్టు ఆఖరి చుట్టులో చేతికి ఎలా తగులుతుందో వాళ్లే చూపించాలి, అది పక్కన కూర్చుంటేనే వస్తుంది. పక్కన కూర్చునే చోటునే మనం నిషేధిస్తున్నాం. ఐటీఐలో చేరిన మన పిల్లలు ప్రాక్టికల్స్‌కు ఇంజిన్ దొరక్క బొమ్మలు గీసి పాసవుతున్నారు. అదే సమయంలో కింద ఓమ్ని నిలబడి ఉంటుంది, పైన పన్నెండో అంతస్తులో ఆ పెద్దాయన టీవీ ముందు ఉంటాడు. ఇద్దరూ లిఫ్టులో కలిస్తే నమస్తే అనుకుంటారు. టవర్లోకి వెళ్లాక మనం కోల్పోయేవాటి చిట్టా ఎవరైనా రాస్తే, ఇది పైనుంచి రెండోదో మూడోదో అవుతుంది. మొదటిది వరండా, దాని గురించి ఇంకోసారి.

నిషేధంతో బీదవాడి బండి రిపేరు ఆగదు కూడా. రోడ్డు మీదికి పోతుంది. ఫుట్‌పాత్ పక్కన, చీకట్లో, మొబైల్ లైటు వెలుగులో, జాకీ కింద ఇటుక పెట్టి చేస్తారు. ట్రాఫిక్‌వాళ్లు వచ్చి ఫైన్ వేస్తారు, ఆయిల్ అదే గట్టర్లోకి పోతుంది. మన కంటికి కనబడదు కాబట్టి మన కాంపౌండ్ శుభ్రంగా ఉందనుకుంటాం.

కాబట్టి ఏడో నంబరు కొట్టేసి, ఆ చోట ఇలా రాద్దామని నా ప్రతిపాదన. పోడియంలో, మూసి ఉన్న పార్కింగ్‌లో ఎలాంటి ఇంజిన్ పనీ వద్దు. నేల మీద, తెరిపి జాగాలో, పిల్లలు ఆడే చోటుకు దూరంగా ఒక బండి పట్టేంత స్థలం గీత గీసి పెట్టాలి. పేరు, బండి నంబరు, పని వివరం రిజిస్టర్లో రాసి వాడుకోవాలి. విప్పిన బండి పది రోజులకు మించి అక్కడ ఉండకూడదు, ఉంటే అప్పుడు జరిమానా. కింద రేకు ట్రే లేకుండా పని మొదలుపెట్టకూడదు. వాడిన ఆయిల్, కూలెంట్ వేరువేరు డబ్బాల్లో పట్టి, పాత ఆయిల్ కొనే లైసెన్సు ఉన్నవాళ్లకే ఇవ్వాలి. నిప్పు ఆర్పే సిలిండర్ ఒకటి అక్కడే గోడకు ఉండాలి. సీఎన్‌జీ పని ఎవరూ చేయకూడదు. రాత్రి తొమ్మిది తర్వాత సుత్తి చప్పుడు వద్దు. పొట్టకూటికి బయటి బండ్లు తెచ్చి అక్కడ గ్యారేజీ నడపొద్దు, నివాసితుల బండ్లకే.

సామాను సంగతి సంఘం చూడొచ్చు. ఒక టార్క్ రెంచ్, ఒక కంప్రెషన్ గేజ్, తిన్నటి స్టీలు పట్టీ, ఫీలర్ గేజ్‌ల సెట్టు. ఒక్కో ఇంటివాడు కొనడం దండగ, ఏడాదికి ఒకసారి వాడతాడు. సంఘం కొంటే అందరికీ. పోయినేడాది వార్షికోత్సవంలో శాలువాలకు, పూలదండలకు ఎంత పెట్టామో కోశాధికారి గారికి తెలుసు. అందులో సగం చాలు. మంచి సామాను కుర్లా సీఎస్‌టీ రోడ్డులో దొరుకుతుంది. చోర్ బజార్‌లో పాత టార్క్ రెంచ్ చవగ్గా వస్తుంది గానీ, దాని స్ప్రింగు ఎంత నిజం చెబుతుందో తెలియదు. అది మాత్రం కొత్తది కొనండి.

సొసైటీలో పార్కింగ్ నియమాలు జనరల్ బాడీ ముందుకు వస్తాయి, అప్పుడు అందరూ ఓటు వేయొచ్చు. మన సంఘం ముందుగానే నిషేధం వైపు లెటర్ ఇస్తే, అక్కడ మనవాళ్లు నోరు విప్పడానికి ఉండదు. అందుకే తొందర. ఆదివారం మీటింగులో ఏడో నంబరును విడిగా చర్చకు పెట్టమని కార్యదర్శి గారిని కోరుతున్నా. బొటనవేలు ఎత్తినవాళ్లు కూడా రండి, ఎదురుగా మాట్లాడుకుందాం. పక్క ఖోలీ పెద్దాయన వస్తానన్నాడు, మోకాళ్ల నొప్పి కాబట్టి కింది అంతస్తులో కుర్చీలు వేయించండి. ఎవరింట్లోనైనా వాడకుండా పడి ఉన్న ఫీలర్ గేజ్ ఉంటే వచ్చేటప్పుడు తీసుకురండి.